రజాక్ ముట్టని సీసా

కరీంనగర్ చేపల బజారులో రజాక్ కత్తిపీట ముందు కూర్చున్నాడంటే బేరానికి వచ్చినవాళ్లు బేరం మరిచిపోయి చూసేవారు. పొలుసు గీరితే పక్కవాళ్ల మీద చిందదు. ముక్కలు తూచి కోసినట్టు ఒక్క తీరుగా వస్తాయి. అంత పనిమంతుడికి దేవుడు నోరు ఇవ్వడం మాత్రం మరిచిపోయినట్టున్నాడు. ముక్కలు పెద్దవా చిన్నవా అని అడగడానికి కూడా చేత్తో సైగ చేసేవాడు. పక్కనే గంప పెట్టుకుని చేపలమ్మే కమలవ్వ అతని వాటా మాటలు కూడా తానే మాట్లాడేది. అందుకామెకు పెద్ద కష్టమేమీ ఉండేది కాదు.

రజాక్‌కు ఆ పని తండ్రి రహీమ్ నుంచి వచ్చింది. రహీమ్ కొడుకును మించిన పనిమంతుడు, కానీ సారా మనిషి. పొద్దున్నే చుక్క పడనిదే చెయ్యి వణుకు ఆగేది కాదు, చుక్క పడ్డాక కత్తి ఆగేది కాదు. ఒకనాడు చేపతోపాటు తన వేళ్లూ కోసుకున్నాడు. ఆ పుండు మానకుండానే పోయాడు. దినాలు కాగానే తల్లి షహర్ బానో కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"తాగనని చెప్పకు బేటా, అందరు గట్లనే చెప్తరు. గీ చేతులతోని సారా ముట్టనని చెప్పు" అన్నది.

రజాక్ చెప్పాడు. మాటలు తక్కువ మనిషి ఇచ్చిన మాట గట్టిది. ఆ తర్వాత పెళ్లయింది, షాజాదీ బేగం కాపురానికి వచ్చింది, పిల్లలు పుట్టారు, తల్లి కూడా కాలం చేసింది. మాట మాత్రం అలాగే ఉంది. ఒంట్లో బాగాలేక దవాఖానాకు పోయినా, సూది వేసేముందు దూదితో రుద్దే స్పిరిట్ వద్దని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

ఇలాంటి మనిషికి ప్రాణ స్నేహితుడు ఎవరంటే ఎల్లంపేట హనుమండ్లు. ఎల్లంపేట చెరువు మీద బతికే చేపలవాళ్ల సంఘానికి అతను పెద్ద. కల్లు దొరికితే కల్లు, సారా దొరికితే సారా, ఏదీ దొరక్కపోతే దిగులు. చిన్నప్పటి నుంచి ఎల్లంపేట చేప రజాక్ కత్తిపీట మీదికే వచ్చేది. హనుమండ్లు దగ్గరికొచ్చి మాట్లాడబోతే రజాక్ ముక్కు పక్కకు తిప్పి, "జర దూరం కూసో" అనేవాడు. హనుమండ్లు దూరంగా కూర్చుని గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఆ స్నేహం ఎలా నిలిచిందో వాళ్లకే తెలియదు, మనకెలా తెలుస్తుంది!

డెబ్బయి రెండులో కరువు వచ్చింది. ఎల్లంపేట చెరువు అడుగంటింది. ఆకలి మీదున్న ఊరు బురద తవ్వి మరీ చేపలు ఏరుకుని తిన్నది. తల్లి చేప, పిల్ల చేప అని చూసే రోజులు కావవి. మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి, చెరువు నిండింది. నిండి ఏం లాభం? నీళ్లే ఉన్నాయి.

పరకలు, కొర్రమీనులు ఎలాగో వాగుల వెంబడి వాటంతట అవే వస్తాయి. సంఘం కడుపు నింపేవి అవి కావు, బొచ్చెలూ రవ్వలూ. వాటి తీరు వేరు. మృగశిర కార్తె వానలు పడగానే వాటి పొట్టలు జనతో, అంటే గుడ్లతో నిండుతాయి. కానీ గుడ్లు పెట్టాలంటే కొత్త నీటి వరద కావాలి, ఆ వరదకు ఎదురెక్కాలి. గోదావరిలో అయితే అలా ఎదురెక్కి, ఒడ్డు దాటి పారిన పల్లపు నీళ్లలో గుడ్లు పెడతాయి. చెరువులో నిలవ నీటిలో ఉన్న చేప మాత్రం నిండు పొట్టతో తిరుగుతుందే గానీ పెట్టదు. పురుడు పుట్టింట్లోనే పోసుకుంటానని మొండికేసిన కూతురి లాంటిదన్న మాట. భాద్రపదం నాటికి ఆ గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి. ఇక మళ్లీ మృగశిర దాకా ఎదురుచూపే.

ఆ మొండితనానికి మందు కనిపెట్టారని పట్నం బయట కొత్తగా పెట్టిన చేపపిల్లల కేంద్రం నుంచి కబురొచ్చింది. అక్కడ పనిచేసే అంబదాస్ ఆదిలాబాద్ వైపు మనిషి, మాటకు ముందొక "అరె బాబా" ఉండేది. తల్లి చేపలకు సూది వేసి, నిలవ నీటిలోనే గుడ్లు పెట్టిస్తామని, ఈ ఏడు పిల్లలను ఎల్లంపేట చెరువుకే ఇస్తామని అతను హనుమండ్లుకు మాటిచ్చాడు. అయితే ఆ సూదిలోకి ఎక్కించే మందు దుకాణంలో దొరకదు. ఇంకో చేప తలలోంచే తీయాలి. తల కోయడంలో మొనగాడెవరని అడిగితే హనుమండ్లు అంబదాస్‌ను తిన్నగా రజాక్ దగ్గరికి తీసుకొచ్చాడు.

"అరె బాబా, పుర్రె మీది చిప్ప లేపితే మెదడు కనవడ్తది. మెదడు జర పక్కకు జరుపు. కింద గుంతల జొన్నగింజ అసోంటి గ్రంథి ఉంటది. గదే నాకు గావాలె. జన నిండిన పెద్ద చేపలదే గావాలె, గుడ్లు వెట్టినంక దాంట్ల పస ఉండది" అని చెప్పి అంబదాస్ ఒక తల తెరిచి చూపించాడు. రెండో తల రజాక్ తెరిచాడు. చిమటా అనే చిన్న పట్టకారుతో గింజ చిట్లకుండా పైకి తీశాడు. అంబదాస్ కళ్లు మెరిశాయి. నల్ల గాజు సీసాలు కొన్ని చేతిలో పెట్టి, "మందు పోసి ఉన్నది. తీసిన గింజ తీసినట్టే గిండ్ల ఎయ్యి, మూత గట్టిగ వెట్టు" అని వెళ్లిపోయాడు.

రజాక్ ఇంటికెళ్లి ఒక సీసా మూత తీశాడు. గుప్పున వాసన కొట్టింది. మందు కాదు, మాకు కాదు. తండ్రి రహీమ్ నోటి వాసన అది.

గుడ్డతో పట్టుకుని సీసాలన్నీ మోరీలో ఒంపేశాడు. అప్పుడైనా పోయి అంబదాస్‌ను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఎందుకని అంటాడు. ఎందుకో చెప్పాలంటే తండ్రి సంగతి ఎత్తాలి. తండ్రి పరువు బజారున పెట్టడం రజాక్ వల్ల కాదు. ఇంట్లో షాజాదీ బేగం సిర్కా పులుపులో వేసి ఉంచిన ఉల్లిగడ్డల జాడీ కనిపించింది. ఆర్నెల్లయినా చెడని ఉల్లిగడ్డ కళ్లెదుట ఉంటే జొన్నగింజంత దాని గురించి ఫికర్ ఎందుకనుకున్నాడు. సీసాలు కడిగి, ఆరబెట్టి, వాటి నిండా సిర్కా పోశాడు.

మృగశిర నాడు కరీంనగర్‌లో చేప వండని ఇల్లుంటే అది చేప తినని ఇల్లే. గోదావరి నుంచి గంపలకు గంపలు దిగాయి. ఆ తొక్కిడిలో రజాక్ తలలు తెరవడం, గింజలు తీయడం ఎవరి కంటా పడలేదు. సీసాలు నిండాయి. ఇన్నేళ్లూ జన నిండిన తల్లులను కోసిన చేయి, ఇప్పుడు వాటి పుణ్యాన ఇంకో తల్లి చేత గుడ్లు పెట్టించబోతోంది. ఆ సంగతి తలుచుకుని రజాక్ లోలోపల ఎంత సంతోషపడ్డాడో షాజాదీ బేగానికి తెలుసు. ఆ నాలుగు రోజులూ అతను అన్నం తింటూ మాట్లాడాడు.

సూది వేసే సాయంత్రం సంఘం వాళ్లంతా చేపపిల్లల కేంద్రానికి వచ్చారు. నీళ్లలో కట్టిన బట్ట గూళ్లలో తల్లి బొచ్చెలు బరువుగా కదులుతున్నాయి. రజాక్ ఉతికిన లాల్చీ తొడుక్కుని వచ్చాడు. అంబదాస్ మొదటి సీసా మూత తీశాడు. తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"అరె బాబా, గిదేంది? తొక్కు జాడీ వాసనొస్తున్నది!"

సీసా వంచితే గింజ రాలేదు. తెల్లగా, మడ్డిలా ఏదో జారింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అంబదాస్ తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. అందరూ రజాక్ వైపు చూశారు. అప్పుడు చెప్పాడు రజాక్. తండ్రినీ, తల్లికిచ్చిన మాటనూ, సిర్కానూ నాలుగు ముక్కల్లో చెప్పి తల దించుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

హనుమండ్లు తిడితే బాగుండేది. తిట్టలేదు. నీళ్లవైపు చూసి, "రజాకూ, గీయేడు గూడ చెర్వుల చేప లేకపోతే మావోల్లు ఆగరు. సగంమంది వలలు అమ్ముకున్నరు. మిగిలినోల్లు నస్పూర్ దిక్కు బొగ్గుబాయిలకు పోతమంటుండ్రు. నీళ్ల మీద బతికినోల్లు భూమి కిందికి పోతరట" అన్నాడు. ఆ మాట రజాక్ గుండెలో ముల్లులా దిగింది. చేపముల్లయినా తీయగలడు, దీన్నెలా తీస్తాడు?

అంబదాస్ లేచి లెక్క వేసుకున్నాడు. "ఇంకా టైమున్నది బాబా. శ్రావణం దాకా గీ తల్లులు ఆగుతయి. గని శ్రావణం పడితే బజార్ల చేపనే దిగది. అంతకు ముందే గింజలు గావాలె, స్పిరిట్లనే ఉండాలె. వేరే ఏది పనికిరాదు."

ఆ 'స్పిరిట్' మాట దగ్గర రజాక్ మొహం పాలిపోయింది. అది చూసి హనుమండ్లు దగ్గాడు.

"ముట్టనని ఒట్టు వెట్టుకున్నది నువ్వు. నేన్ వెట్టలే గద! సీసా నేన్ వట్టుకుంట. నువ్వు చిమటతోని గింజ అండ్ల ఇడువు. నీ చేతికి తడి గూడ తలుగది."

"నువ్వు? సారా సీసా చేతిల వట్టుకొని పొద్దుందాక కూసుంటవా?" అన్నాడు రజాక్.

"కూసుంట. తాగకుంట కూసునుడే నా ఒట్టు అనుకో."

మర్నాటి నుంచి కరీంనగర్ బజారుకు కొత్త వేడుక దొరికింది. రజాక్ పక్కన మొట్టమొదటిసారి అతి దగ్గరగా హనుమండ్లు, హనుమండ్లు చేతిలో నల్ల సీసా. వచ్చేపోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏందే హన్మండ్లు, పిల్లిని పాలకుండకు కావలి వెట్టిండ్రా?" అనేవాళ్లు. మూత తీసినప్పుడల్లా హనుమండ్లు ముక్కుపుటాలు అదిరేవి, గొంతు గుటక వేసేది. చుక్క మాత్రం తాగలేదు. సాయంత్రం ఆ సీసాను కమలవ్వకు అప్పజెప్పి, వెనక్కి చూడకుండా బస్సెక్కేవాడు.

చిక్కు అక్కడ కాదు, ఇంకోచోట వచ్చింది. ఇంతకుముందు గుట్టుగా జరిగిన పని ఇప్పుడు సీసాతో సహా అందరికీ కనబడుతోంది. రజాక్ నోరు విప్పి చెప్పడు. చెప్పనిచోట ఊరు తనకు తోచింది అల్లుకుంటుంది. 'రజాక్ చేప తలకాయల ఉన్న సత్తువంత తీసి సీసల వెడ్తుండట, దవాఖానాల మందుకు అమ్ముతరట, మనకిచ్చేది ఒట్టి బొక్కలట' అని పుకారు లేచింది. తలకాయ పులుసు మీద ప్రాణం పెట్టుకున్న పట్నం అది. అల్లుడొస్తే తలకాయ అల్లుడికి, లేకపోతే ఇంటి పెద్దకు. అందులో సత్తువ లేకపోతే ఇంకేముంది! పెద్ద చేప కొన్నవాళ్లు తల తెరవనివ్వడం మానేశారు. ముక్కలు కోయించుకుని తలను జాగ్రత్తగా సంచిలో వేసుకుపోయేవాళ్లు. ఆ పుకారు చెవిన పడని ఎవరో కొందరి పుణ్యాన నాలుగైదు గింజలు దొరికాయి. అవి ఒక్క తల్లికి కూడా చాలవు.

ఆషాఢం ఆఖరు ఆదివారం వచ్చింది. ఆ రోజు దాటితే శ్రావణం. నెలంతా నోరు కట్టుకోవాలి కాబట్టి జనం ఆ ఒక్కరోజే నెలకు సరిపడా తినాలన్నట్టు బజారు మీద పడ్డారు. సన్నగా వాన పడుతోంది. హనుమండ్లు సీసా పట్టుకుని, గోనెసంచి నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు వచ్చాడు చొక్కారావు. భూములున్న మనిషి, వంటమనిషిని పంపకుండా చేప తానే ఏరుకునే రకం. నిండు పొట్టతో ఉన్న పెద్ద బొచ్చెను తెచ్చి రజాక్ ముందు పెట్టాడు.

"ముక్కలు గొట్టు. తలకాయ ముడితే మాత్రం ఊకోను. నేను చేప కొనేదే తలకాయ కోసం."

రజాక్ కత్తి ఆగింది. ఆ బొచ్చె నుదుటి మీదే అతని చూపు. పక్కన హనుమండ్లు సీసా మీద పడుతున్న వాన చినుకులను బొటనవేలితో తుడుస్తున్నాడు. ఆ తుడవడం చూసి రజాక్ తట్టుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. కమలవ్వ గంపలోంచి తలెత్తింది, ఎందుకంటే పని మధ్యలో రజాక్ లేవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"దొరా, నేను తప్పు జేసిన" అన్నాడు రజాక్ గట్టిగా. బజారంతా వినబడేట్టే అన్నాడు. "మా బాపు సారాతోని సచ్చిపోయిండు. సారా ముట్టనని మా అమ్మీకి మాటిచ్చిన. గా మాట కోసం మందు పారవోసి సిర్కా వోసిన. మిరుగం నాడు తీసిన గింజలన్నీ తొక్కయిపోయినయి. గిప్పుడు ఎల్లంపేట చెర్వుల నీళ్లున్నయి, చేప లేదు. మీ తలకాయల సత్తువ నాకొద్దు, మెదడు మీకే. దాని కింద జొన్నగింజంత ఉంటది, గది తినేటోల్లకు తెల్వనే తెల్వది. అది ఇయ్యుండ్రి. ఇయ్యకుంటే గీయన సంఘమంత బొగ్గుబాయికి పోతది."

ఇన్ని మాటలు! చొక్కారావు రజాక్‌ను చూశాడు, సీసా పట్టుకున్న హనుమండ్లును చూశాడు. ఉన్నట్టుండి అతనికి నవ్వొచ్చింది.

"చేప మెదడు తొక్కు వెట్టినవా రజాక్? మా ఇంట్ల గూడ ఎవరు వెట్టలేరు గదా! సరే, తియ్యి. గని చిప్ప మళ్ల మూత లెక్క తలకాయ మీద వెట్టియ్యాలె. అల్లునికి వడ్డిస్తే పగిలిన తలకాయ అనొద్దు."

రజాక్ తీశాడు. చిప్పను దాని చోట అతుకు తెలియకుండా కూర్చి, అరటినారతో ఒక చుట్టు చుట్టి ఇచ్చాడు. చొక్కారావు అంతటివాడే తెరిపించుకున్నాక ఇక ఆగేదెవరు? జనం ఒకరి మీద ఒకరు పడి తలలు ముందుకు తోశారు. శ్రావణానికి ముందు పుణ్యం ఊరికే వస్తుంటే వదులుకుంటారా! చిన్న చేపలు కొన్నవాళ్లు, జన లేని చేపలు కొన్నవాళ్లు కూడా "మాదెందుకు తియ్యవు, మాది చేప గాదా?" అని కొట్లాటకు దిగారు. వాళ్లకు సర్దిచెప్పలేక కమలవ్వ గొంతు పోయింది. పొద్దు వాలేసరికి సీసా నిండింది. దాన్ని అంబదాస్ చేతిలో పెట్టేదాకా హనుమండ్లు రెండు చేతులతో గుండెకు ఆనించుకునే ఉన్నాడు.

మర్నాటికి సూదులు పడ్డాయి. ఆ మర్నాడు తెల్లారి బట్ట గూళ్ల నిండా గుడ్లు, నానబోసిన సగ్గుబియ్యంలా. రజాక్ వంగి చూశాడు. ఒక్కో గుడ్డులో చిన్న నలక కదులుతోంది. అతను హనుమండ్లు భుజం మీద చెయ్యి వేసి ఏడ్చాడు. హనుమండ్లు కూడా ఏడ్చాడు, కానీ తాను ఏడవలేదని చచ్చేదాకా వాదించాడు.

ఎల్లంపేట వలలు మళ్లీ తడిశాయి. అమ్ముకున్నవాళ్లు కొత్తవి అల్లుకున్నారు. అప్పటి నుంచి ఏటా మృగశిర నుంచి శ్రావణం దాకా రజాక్ పక్కన హనుమండ్లు, హనుమండ్లు చేతిలో సీసా, అదొక ఆనవాయితీ అయిపోయింది. అంబదాస్‌కు బదిలీ అయి వేరేవాళ్లొచ్చారు. రజాక్ గడ్డం నెరిసింది. రెడీమేడ్ మందు గాజు గొట్టాల్లో వస్తుందట, ఇక తలలు కోయనక్కరలేదట అని మాట కూడా వినబడసాగింది. మిగతా ఋతువుల్లో హనుమండ్లు తన తాగుడు తాను తాగేవాడు. ఆ రెండు నెలలూ పగటిపూట మాత్రం ముట్టేవాడు కాదు.

ఎనభై తొమ్మిది మృగశిరకు హనుమండ్లు రాలేదు. కడుపులో నీరు చేరి మంచం పట్టాడని కబురొచ్చింది. కత్తిపీట ముందు నిండు పొట్ట బొచ్చె, తల తెరిచి ఉంది. చిమటా కొనలో గింజ ఉంది. సీసా పక్కన నేల మీద, మూత తీయకుండా ఉంది.

"తే అన్నా, నేన్ వట్టుకుంట" అని కమలవ్వ చెయ్యి చాపింది.

రజాక్ ఆ చేతిని చూశాడు. "వద్దు కమలవ్వా. గది ఆయన జాగ" అన్నాడు. గింజను తిరిగి దాని గుంతలోనే పెట్టి, ఎడమచేత్తో సీసా తీసుకుని మూత తిప్పాడు. స్పిరిట్ అంచు దాటి అతని వేళ్ల మీదుగా కారింది. చల్లగా ఉంది. ఆ రోజంతా గింజ తీసిన ప్రతిసారీ సీసా అతని ఎడమచేతిలోనే ఉంది.

పని ముగించి, సీసా కేంద్రంలో ఇచ్చేసి, చేతులు కడుక్కోకుండానే ఎల్లంపేట బస్సెక్కాడు. ఇంకా పొద్దుంది. అరుగు మీద మంచంలో హనుమండ్లు కళ్లు మూసుకుని ఉన్నాడు. రజాక్ పక్కన కూర్చుని ఎడమచెయ్యి అతని ముక్కు దగ్గర పెట్టాడు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్లు తెరుచుకున్నాయి.

"సీసా ఎవడు వట్టిండు?"

"నేనే."

హనుమండ్లు ఆ చేతిని చాలాసేపు చూశాడు. "మీ అమ్మీకిచ్చిన మాటో?"

"పోయినంక ఆమెకు నేన్ చెప్పుకుంట. నీ పేరు చెప్తె ఏమనది."

హనుమండ్లు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, గుండె మీద పెట్టుకున్నాడు. "గిన్నేండ్లు ముంగట వెట్టుకొని ఒక్క చుక్క తాగలే. గిప్పుడచ్చి వాసన సూపిస్తున్నవా, దొంగోడా" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. రజాక్ ఈసారి దూరం జరగలేదు.

నమాజు వేళ అవుతుంటే హనుమండ్లు భార్య చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతులు కడుక్కోవాలంటే ముందు ఆయన పట్టు విడిపించుకోవాలి. రజాక్ చెంబును చూసి, అలాగే కూర్చున్నాడు.